చేబదులు నీళ్ళు

శాన్ గాబినో, న్యూమెక్సికో
ఫిబ్రవరి 1962

ఒరేయ్ మొదెస్తో,

నీ ఉత్తరం అందింది. మూడు పేజీలు టైపు కొట్టించి పంపావు. చదవడానికి నాకు ఒక పూట పట్టింది. నా చదువంతా పాత పాదిరీగారి దగ్గర రెండు శీతాకాలాలే అని నీకు తెలుసు. ఇక మీదట కాస్త కుదించి రాయి.

నాకు అర్థమైనంతలో సంగతి ఇది. ఏటా కోతలయ్యాక నేను నీకు పంపే మిరపకాయల దండ లాస్ ఏంజిలిస్‌లో లిండ్‌క్విస్ట్ అనే హోటలాయన నోట పడింది. ఆయనకి అయిదు హోటళ్ళు. మన కాయ తిన్నాక ఆయనకి ఇంకే కాయా రుచించడం లేదు. ఈ ఏడు ఒక లారీ కావాలి, పై ఏడు రెండు. నేను పండించాలి, నువ్వు అమ్మాలి, ఇద్దరం ధనవంతులం అయిపోవాలి.

నువ్వు ఇప్పటికే ధనవంతుడివి. మూడు లాండ్రీలున్నాయి, ఇంకా ఎందుకో నాకు తెలియదు. నా సంగతి చెబుతాను విను. ఇంటి వెనక మిరప మడి ఒకటుంది, మీ అమ్మ ఇచ్చిన గింజే ఇప్పటికీ వేస్తున్నాను. చిక్కుళ్ళున్నాయి, మొక్కజొన్న ఉంది, కాసే ఆపిల్ చెట్లు కొన్ని, కాయనివి కొన్ని ఉన్నాయి. మిగిలింది బీడు. అందులో సెనేటర్ మేస్తాడు. సెనేటర్ అంటే నా గాడిద. పని చేయకుండా తింటాడని మీ అక్క రుఫీనా ఆ పేరు పెట్టింది. ఆవిడ పోయింది, వాడు ఇంకా తింటున్నాడు.

పొద్దున్నే దక్షిణపు గోడకి ఆనుకుని ఎండలో కూర్చుంటాను. ఊరికి నీటి వంతులు పంచే కాలువ పెద్ద ఫిలెమోన్ వచ్చి పక్కన కూర్చుంటాడు. వాడికి కాళ్ళ నొప్పులు, నాకు నడుము నొప్పి, ఎవరిది ఎక్కువో తేల్చుకుంటాం. మధ్యాహ్నం పడుకుంటాను. సాయంత్రం పక్క పొలం సెనైదా ఇంట్లో పేకాట. పందెం చిక్కుడు గింజలు. సెనైదా నీకు గుర్తుండాలి, చిన్నప్పుడు నీ చెవి మెలేసి కాలువలో తోసింది. మొగుడు పోయాక మనిషి ఇంకా గట్టిపడింది. పేకలో మోసం చేస్తుంది. నేను పట్టుకుంటే, కళ్ళు కనబడని ముసలాళ్ళతో ఆడటం తన కర్మ అంటుంది. ఆ పోట్లాట లేకపోతే నాకు రాత్రి అన్నం సయించదు.

ఇందులో లారీ ఎక్కడ పడుతుందో నువ్వే చూడు. వద్దు అని ఆ హోటలాయనకి చెప్పు.

నీ బావ,
హిలారియో మోంటాన్యో


లాస్ ఏంజిలిస్
మార్చి

బావకు నమస్కారాలు.

లాండ్రీ వెనక గదిలో కూర్చుని, పక్కన పాల గ్లాసు పెట్టుకుని ఇది రాస్తున్నాను. ఈసారి టైపు లేదు, పేజీ కూడా ఒకటే.

నువ్వు మా అక్కని అడగడానికి వచ్చి వెళ్ళిన రోజు మా నాన్న అన్న మాట ఇంతవరకూ నీకు చెప్పలేదు. చెప్పవద్దని అక్క ఒట్టు వేయించుకుంది. ఇప్పుడు అక్క లేదు, చెబుతాను. "కుర్రాడు మంచివాడే. కానీ వీడు గోడకి ఆనుకున్నాడంటే ముందు లేచేది గోడే" అన్నాడు. మేమంతా పడీపడీ నవ్వాం. అక్క మాత్రం లోపలికి వెళ్ళిపోయింది.

నీకు ఇష్టం లేదని రాశావు. ఇష్టం లేకపోవడం వేరు, చేతకాకపోవడం వేరు. చేతకాదని రాస్తే నేను ఇంకో మాట అనను. వయసు మీద పడింది, నడుము పోయింది, నేను అర్థం చేసుకోగలను. లిండ్‌క్విస్ట్‌కి కూడా అలాగే చెబుతాను.

మా నాన్న మడి తరఫున కాలువ పూడిక తీయడానికి కూలీ మనిషి డబ్బులు ఎప్పటిలాగే ఫిలెమోన్‌కి పంపాను.

నీ బావమరిది,
మొదెస్తో త్రుహీయో


శాన్ గాబినో
ఏప్రిల్

మొదెస్తో,

మీ నాన్న బతికి ఉంటే ఆయన గోడ ఆయన మీదే పడేసేవాణ్ణి. ఇప్పుడు ఆయన సమాధే ఉంది కాబట్టి దాని ముందుకి వెళ్ళి నిలబడి నాలుగు మాటలు అని వచ్చాను.

బీడు దున్నేశాను. మొత్తం. నడుము పోయిందని రాశావు కదా, ఆ నడుముతోనే దున్నాను. సెనేటర్‌ని ఫిలెమోన్ దొడ్డికి తోలాను. వాడు దారి పొడుగునా ఆగి వెనక్కి చూశాడు. గింజ చాలక, పై ఏటికని దాచింది కూడా వేసేశాను. మీ హోటలాయనకి చెప్పు, లారీ కడిగి పెట్టుకోమని.

ఈ ఏడు కాలువ పూడికతీత బాగా జరిగింది. ఊళ్ళో మడి ఉన్న ప్రతివాడూ పార పట్టుకుని వచ్చాడు. ఫిలెమోన్ ఎప్పటిలాగే పార కర్రతో కొలిచి ఎవరి ముక్క వాళ్ళకి చూపించాడు. నీ ముక్క తవ్వడానికి వచ్చిన కూలీ కుర్రాడు సగం సేపు సిగరెట్లు కాల్చాడు. సెనైదా వాడి వెనకే నిలబడి మళ్ళీ తవ్వించింది. పేరు చెడేది వాడిది కాదు, త్రుహీయోలది అంది. నీ చెవి కాపాడుకో.

ఇంత నేల తడపడానికి నా నీటి వంతు చాలదు. మొదటి తడికి సెనైదా తన వంతులో సగం బదులిచ్చింది, ఫిలెమోన్ కొంత ఇచ్చాడు. మామూలే కదా. తరవాత నేను ఇస్తాను. ఎంత మిరప వేశావు, ఊరంతటికీ కళ్ళు మండించాలనా అని సెనైదా అడిగింది. వ్యాపారం అన్నాను. ఆవిడ పార భుజాన వేసుకుని వెళ్ళిపోయింది. పోట్లాడకుండా పోవడం ఆవిడ అలవాటు కాదు.

చేతనవుతుందని ఇప్పటికైనా తెలిసిందా?

హిలారియో


లాస్ ఏంజిలిస్
మే

బావా, భేష్.

తెలిసింది, తెలిసింది. మా నాన్న తరఫున నేను క్షమాపణ చెప్పుకుంటున్నాను. లిండ్‌క్విస్ట్ నీ ఉత్తరం సంగతి విని తొడ చరిచాడు. నీ ఫోటో కావాలన్నాడు. అక్కతో దిగిన పెళ్ళి ఫోటో ఉంది కదా, అందులోంచి నీ మీసం ఒక్కటీ కత్తిరించి సంచుల మీద బొమ్మ వేయిస్తున్నాం. "తాత హిలారియో మిరపకాయలు" అని పేరు. కింద చిన్న అక్షరాలతో, కొండల్లో ప్రశాంతంగా పండినవి అని.

ఇక్కడ నాకు ఊపిరి ఆడటం లేదు. రెండో లాండ్రీలో బాయిలర్ పేలింది, ఎవరికీ దెబ్బ తగల్లేదు, నాలుగు వందల దుప్పట్లు మాత్రం గులాబీ రంగుకి తిరిగాయి. రాత్రి పాలు తాగి పడుకున్నా నిద్ర లేదు. కానీ నీ మిరప పొలం తలుచుకుంటే హాయిగా ఉంటుంది. మన ఊరి నుంచి ఒక లారీ బయలుదేరుతుంది, దాని మీద మన పేరు ఉంటుంది. మా నాన్నకి అది చూపించాలని ఉంది.

నీకు ఏ ఇబ్బంది వచ్చినా రాయి. ఇక్కడి నుంచే సర్దేస్తాను.

మొదెస్తో


శాన్ గాబినో
జూలై

మొదెస్తో,

సంచులు వచ్చాయి. ఆ మీసం నాది కాదు, మా పెళ్ళి ఫోటో తీసిన స్టూడియోవాడు గీసింది. అప్పట్లో నాకు అంత మీసం లేదు.

వానలు లేవు. కాలువలో నీళ్ళు చీలమండ దాకా కూడా రావడం లేదు. ఫిలెమోన్ అందరి వంతులూ తగ్గించాడు. నా పాత మడి అయితే ఈ నీళ్ళతో నవ్వుతూ ఉండేది. బీడులో వేసింది మాత్రం పొద్దున తడిపితే సాయంత్రానికి నోరు తెరుస్తోంది. సెనైదా రెండుసార్లు బదులిచ్చింది. నేను అడగలేదు, గట్టు దగ్గర నిలబడి ఆకులు చూసి తనే గట్టుకి గండి తీసి నీళ్ళ మడవ నా వైపు తిప్పింది. ఆవిడ చిక్కుళ్ళు కూడా వాడుతున్నాయని నాకు కనబడుతోంది. కనబడనట్టు ఉన్నాను.

గోడ దగ్గరికి వెళ్ళి ఎన్నాళ్ళయిందో. ఫిలెమోన్ ఒక్కడే కూర్చుంటున్నాడు, రెండు నొప్పులూ తనే చెప్పుకుంటున్నాడు. మధ్యాహ్నం నిద్ర లేదు, కలుపు ఉంది. పేకాటకి వెళితే మొన్న కూర్చునే నిద్రపోయాను. సెనైదా నా చేతిలోని ముక్కలు తీసి చూసి, మళ్ళీ నా చేతిలో పెట్టి, ఇంటికి పొమ్మంది. నా ముక్కలు చూసి కూడా ఆట గెలవలేదంటే నా మీద ఎంత జాలి పడిందో ఆలోచించు. ఎవరైనా జాలిపడితే నాకు ఒళ్ళు మంట.

నిన్న ఒక చిన్న పిట్ట వచ్చి కాయ కొరికితే దాని మీదికి పార విసిరాను. రుఫీనా ఉంటే నన్నే విసిరేది.

పండించి తీరుతాను. కానీ నీళ్ళు కావాలి.

హిలారియో


లాస్ ఏంజిలిస్
జూలై

బావా,

రెండు ముక్కలు. నీళ్ళ సంగతి మరిచిపో. నేను సర్దేశాను. ఇక నువ్వు ఎవరినీ బతిమాలనక్కరలేదు, ఎవరి జాలీ అక్కరలేదు. సెనైదా నీకు చెబుతుంది.

లారీ సెప్టెంబరు ఆఖరుకి.

మొదెస్తో


శాన్ గాబినో
ఆగస్టు

మొదెస్తో త్రుహీయోకి,

నువ్వు చేసిన పని ఏమిటో నీకు తెలియదు. అందుకే ముందు జరిగింది రాస్తాను, తిట్లు తరవాత.

ఆదివారం పూజ అయ్యాక సెనైదా మా ఇంటికి వచ్చింది. నల్ల శాలువా కూడా తీయలేదు. బల్ల మీద ఒక కాగితం పెట్టి, ఎగరకుండా పైన ఉప్పు గిన్నె పెట్టింది. నువ్వు పంపిన మనియార్డరు. కోతల దాకా ఆవిడ వంతులన్నిటికీ ఖరీదు.

"ఇది మీది" అంది. ఎన్నో ఏళ్ళుగా నన్ను నువ్వు అనే మనిషి, మీరు అంది.

నాకేమీ తెలియదన్నాను. దేవుడి మీద ఒట్టు, తెలియదు.

"మీకు తెలియకపోతే మా నీళ్ళ సంగతి కాలిఫోర్నియాకి ఎవరు రాశారు?"

రాసింది నేనే. కూర్చోమన్నాను, కూర్చోలేదు. గుమ్మం దగ్గర ఆగి ఇంకొక్క మాట అంది. "పొరుగాయన పొలం ఎండుతోందని ఇచ్చాను. హోటలుకి ఇస్తున్నానని అనుకోలేదు." అంతే, వెళ్ళిపోయింది.

నువ్వు ఇక్కడే పుట్టావు. మీ నాన్న ఇక్కడ నీళ్ళు కట్టాడు. ఈ కాలువ మీద నీళ్ళకి ఖరీదు కట్టినవాడు ఇంతవరకూ లేడు. పెళ్ళి ఉంటే ఇస్తాం, చావు ఉంటే ఇస్తాం, పక్కవాడి చేను వాడిపోతే ఇస్తాం. తీసుకున్నవాడు నీళ్ళే తిరిగి ఇస్తాడు. నువ్వు డబ్బు పంపావు. ఆవిడ ఇన్నేళ్ళుగా ఇచ్చినదంతా దానితో కూలీ పని అయిపోయింది.

ఇప్పుడు నేను చేసింది రాస్తాను. మరునాడు నా వంతు. మడవ మొత్తం సెనైదా చేను వైపు తిప్పాను. ఆ తరవాతి వంతూ అంతే. వేసవి అంతా ఆవిడ ఇచ్చిందీ, అంతకు ముందు ఏళ్ళలో మిగిలిందీ, నాకు గుర్తున్నదంతా తీర్చేశాను. తరవాత ఫిలెమోన్‌ది తీర్చాను. చివరి చుక్క దాకా. హిలారియో మోంటాన్యో ఎవరి నీళ్ళూ ఉంచుకోడు.

బీడులో వేసిన మిరప అంతా పడుకుంది. ఇంటి వెనక పాత మడి మాత్రం బతికింది, దానికి ఎప్పుడూ పెద్దగా అవసరం లేదు. కాబట్టి లారీ లేదు. మీ హోటలాయనకి ఏం చెబుతావో అది నీ తలనొప్పి. మనియార్డరు ఇందులోనే పెట్టాను. మీసం సంచులు చిక్కుళ్ళకి పనికొస్తాయి, ఉంచుకున్నాను.

తిట్లు రాద్దామనుకున్నాను. రాసి రాసి చెయ్యి నొప్పి పుట్టింది. నువ్వే అనుకో.

హిలారియో


లాస్ ఏంజిలిస్
సెప్టెంబరు

బావా,

నీ ఉత్తరం వచ్చి చాలా రోజులైంది. ముందు కోపం వచ్చింది. నీ కోసం చేస్తే నాకే తిట్లా అనుకున్నాను. లిండ్‌క్విస్ట్ ముందు నా ముఖం చెల్లకుండా పోయింది. ఆయనకి లారీ లేదని చెప్పిన రోజు నాకు కడుపులో మంట మొదలై, రెండు రోజులు మంచం దిగలేదు. నాకు పాలూ రొట్టే తప్ప ఏదీ సరిపడదు, ఆ రెండు రోజులు అవి కూడా నిలవలేదు.

పడుకుని ఆలోచించాను. ఇక్కడ కుళాయి తిప్పితే నీళ్ళు వస్తాయి, నెలాఖరుకి బిల్లు వస్తుంది. నా మూడు లాండ్రీల బతుకంతా ఆ బిల్లే. నీళ్ళంటే నాకు ఇంకేమీ గుర్తు రాలేదు, బావా. మా నాన్న వెనక లాంతరు పట్టుకుని గట్టు మీద నడిచింది నేనేనా అనిపించింది.

సెనైదాకి ఉత్తరం రాద్దామని మూడుసార్లు కాగితం తీశాను. ఏం రాసినా ఇంకో మనియార్డరులాగే ఉంది. నేను ఏం చేయాలో నువ్వు చెప్పు.

మొదెస్తో


శాన్ గాబినో
అక్టోబరు

ఒరేయ్ మొదెస్తో,

నీ ఉత్తరం ఫిలెమోన్‌కి చదివి వినిపిస్తుంటే మధ్యలో ఆపాడు. పాలూ రొట్టే తప్ప సరిపడనివాడికి మిరపకాయలు దేనికి అని అడిగాడు. నేను వెళ్ళి నీ పాత ఉత్తరాలు తీశాను. ఏ ఉత్తరం చూసినా పక్కన పాల గ్లాసు. అయితే ఇన్నేళ్ళుగా నేను ఎండబెట్టి, ఏరి, గుచ్చి, పార్సిలు కట్టి పంపిన దండలన్నీ ఆ లిండ్‌క్విస్టే మింగాడన్న మాట. దండ చాలా బాగుంది బావా, కళ్ళలో నీళ్ళు తిరిగాయి అని ఏటా రాసేవాడివి. తినలేక తిరిగాయని ఇప్పుడు అర్థమైంది. ఫిలెమోన్ నవ్వి నవ్వి గోడ మీద నుంచి జారాడు. నాకు రెండు రోజులు కోపం, తరవాత నాకూ నవ్వు ఆగలేదు. ఈ ఏడు దండ లేదు. నీలి మొక్కజొన్న పిండి పంపుతున్నాను. జావ కాచుకు తాగు. మీ అమ్మ నీకు పోసింది అదే.

నన్ను సలహా అడిగావు. నేనే ఒకరిని అడగాల్సి వచ్చింది.

నీళ్ళన్నీ తీర్చేశాక సెనైదా మెత్తబడుతుందనుకున్నాను. నా చేను ఎండగట్టుకుని మరీ తీర్చాను కదా. ఆవిడ ఇంకా గట్టిపడింది. గట్టు మీద ఎదురైతే శుభోదయం అంటుంది, పోస్టుమాస్టరుతో అన్నట్టు. అంతే. సాయంత్రం ఆవిడ వంటింట్లో దీపం వెలుగుతుంది, నా కుర్చీ గోడ వైపు తిప్పి ఉంటుంది. కిటికీలోంచి కనబడుతుంది.

ఫిలెమోన్‌ని అడిగాను, నేను చేసిన తప్పేమిటి అని. వాడు కాళ్ళు పిసుక్కోవడం ఆపాడు.

"చివరి చుక్క దాకా తీర్చావు కదా."

అదే కదా గొప్ప అన్నాను.

"ముసలోడా, మీ నాన్న మా నాన్నకి నీళ్ళు బాకీ ఉండే పోయాడు. మా నాన్న మీ నాన్నకి బాకీ ఉండే పోయాడు. ఎవడైనా ఎప్పుడైనా మొత్తం తీర్చాడా? కాస్త ఉంచి మడవ మూస్తాం. ఇంకొంచెం ఉంది సుమా అని అరుస్తాం. ఆ కొంచెం కోసమే మళ్ళీ ఒకరి గడప ఒకరు తొక్కుతాం. మొదెస్తో ఆవిడకి డబ్బు పంపి అవమానించాడు. నువ్వు ఇక మనకేమీ లేదు పో అని చెప్పేశావు. రెండింటిలో నీదే పెద్దది."

నేను లేచి ఇంటికి వచ్చేశాను. వాడు నా మీద నోరు చేసుకోవడం ఇదే మొదటిసారి.

నా పరిస్థితి ఇది. గోడ ఉంది, ఎండ ఉంది, సెనేటర్ బీడుకి తిరిగి వచ్చాడు, ఎండిన మిరప మొక్కల మధ్య గడ్డి వెతుక్కుంటున్నాడు. మధ్యాహ్నం నిద్ర వస్తోంది. పాత మడి ఎప్పటిలాగే కాసింది. అన్నీ వచ్చాయి, సాయంత్రం ఒక్కటే రాలేదు. లారీ నిండా డబ్బు వచ్చి ఉన్నా దానితో కొనడానికి నాకు కావలసింది అదొక్కటే.

వెళ్ళి బతిమాలవచ్చు కదా అని నువ్వు అంటావు. నా వల్ల కాదు. కొత్తగా నీళ్ళు బదులు అడుగుదామంటే కాలువ ఎండిపోయింది, వసంతం దాకా చుక్క రాదు.

నువ్వేం చేయాలని అడిగావు. నాకు తెలియదు. ఉత్తరం మాత్రం రాయకు.

హిలారియో


లాస్ ఏంజిలిస్
మార్చి 1963

బావా,

పిండి అయిపోయింది. ఇంకా పంపవద్దు, నేనే వచ్చి తెచ్చుకుంటాను.

ఫిలెమోన్‌కి ఈసారి కూలీ డబ్బులు పంపడం లేదు. మా నాన్న మడికి రావలసిన ముక్క నేనే తవ్వుతాను. మా ఆవిడ నవ్వింది. పిల్లలు నవ్వారు. పార కొందామని దుకాణానికి వెళితే, ఎవరికి సార్ అన్నాడు కుర్రాడు. నాకే అంటే వాడూ నవ్వు ఆపుకున్నాడు.

ఇంకో వార్త. లిండ్‌క్విస్ట్ మిరపకాయలు ఇంకెక్కడి నుంచో తెప్పించుకున్నాడు. తాత హిలారియో కాయలంటే ఇవే కదా, అద్భుతం అన్నాడు. నేను కాదని చెప్పలేదు. ఆయనకి తేడా తెలియలేదు, బావా. ఈ మనిషి కోసమా నువ్వు బీడు దున్నింది?

రెండో లాండ్రీ అమ్మేశాను. గులాబీ దుప్పట్లతో సహా.

శనివారం బస్సుకి దిగుతాను.

మొదెస్తో


శాన్ గాబినో
జూన్

ఒరేయ్ మొదెస్తో,

నీ చేతుల బొబ్బలు మానాయని రాశావు. సంతోషం. కొత్త పార మా ఇంట్లోనే వదిలేసి పోయావు. పై ఏడు దాకా వాడుకుంటాను, తరవాత నీది నీకు.

నువ్వు వెళ్ళాక ఊళ్ళో ఇంకా నీ గురించే చెప్పుకుంటున్నారు. త్రుహీయోల ముక్క అంత వంకరగా ఎప్పుడూ తవ్వలేదని అందరూ ఒప్పుకున్నారు. సెనైదా మూడుసార్లు మళ్ళీ తవ్వించింది కదా, నాలుగోసారి నువ్వు కిందికి వంగితే లేవలేకపోయావు కదా, అప్పుడు ఆవిడ చెయ్యి అందించింది. అది చాలామంది చూశారు. ఆ రాత్రి నువ్వు ఆవిడ ఇంటికి వెళ్ళి ఏం మాట్లాడావో నాకు చెప్పలేదు, నేను అడగలేదు. జావ పోసిందని మాత్రం అన్నావు. వెళ్ళే రోజు గోడకి ఆనుకుని నిద్రపోయావు. బస్సు హారను కొట్టింది, ఫిలెమోన్ లేపబోయాడు, నేనే వద్దన్నాను. మర్నాటి బస్సుకి వెళితే లాండ్రీలేమీ మునగలేదు కదా. నువ్వు పాలు అడగకుండా పడుకున్న రాత్రి అదొక్కటే.

నీ సంగతి తేలింది, నా సంగతి మాత్రం అలాగే ఉంది అనుకున్నాను. నువ్వు వెళ్ళాక కూడా శుభోదయమే. కాలువలో నీళ్ళు వచ్చాయి. నా వంతు నాకు చాలింది, మిరప ఒక్క మడే వేశాను. బదులు అడగడానికి నాకు అవసరమే లేకపోయింది. అవసరం లేకుండా అడిగితే నవ్వుతుందని అడగలేదు. నా బుద్ధి నీకు తెలుసు.

మొన్న రెండు రోజులు వాన పట్టింది. పెద్ద వాన. ఊళ్ళో అందరి చేలూ నిండాయి, ఫిలెమోన్ తూము మూసి ఇంట్లో కూర్చున్నాడు. నిన్న సాయంత్రం తెరిపిచ్చింది. మర్నాడు నా వంతు. నేను గట్టు మీద బురద తీస్తున్నాను. సెనైదా అటువైపు వచ్చి నిలబడింది. శాలువా లేదు, చేతులకి పిండి ఉంది.

"రేపు నీ వంతులో ఒక గంట నాకు బదులియ్యి. చిక్కుళ్ళు ఎండిపోతున్నాయి" అంది.

నేను ఆ చిక్కుళ్ళ వైపు చూశాను. మోకాలి లోతు నీళ్ళు, కప్పలు అరుస్తున్నాయి. ఆవిడ వాటి వైపు చూడలేదు.

గంటేం సరిపోతుంది, రెండు తీసుకో అన్నాను.

"ఎప్పుడు తీర్చగలనో చెప్పలేను" అంది.

తొందరేముంది అన్నాను.

ఇవాళ పొద్దున్నే లేచాను. నీ పార భుజాన వేసుకుని వెళ్ళి, తూము ఎత్తి, ఆవిడ చేను వైపు మడవ తిప్పాను. నీళ్ళు పోవడానికి చోటు లేక గట్టు పొర్లి నా కాళ్ళ మీదుగా పోయాయి. చెప్పులు తడిసి ముద్దయ్యాయి. రెండు గంటలూ అక్కడే నిలబడ్డాను.

నీ బావ,
హిలారియో